ఎటువైపు షేడ్ చేయాలి

మా బడి గ్రాఫు బోర్డు పోయిన రోజు నవంబరు పదమూడు, గురువారం.

పోయింది అంటే దొంగలు ఎత్తుకుపోలేదు. ఉప విద్యాధికారి కార్యాలయం వారు వ్యాను తెచ్చి, రసీదు ఇచ్చి, ఇద్దరు మనుషుల చేత ఎత్తించి తీసుకుపోయారు. దొంగలైతే పోలీసు స్టేషనుకు వెళ్ళి ఉండేవాళ్ళం. రసీదు ఇచ్చి తీసుకుపోయినవాళ్ళ మీద ఎక్కడికి వెళ్ళాలో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అది చెక్క బోర్డు. నల్లరంగు మీద తెల్లరంగుతో గడులు గీసి ఉంటాయి. ఒక వేసవి సెలవుల్లో మా లెక్కల టీచరు విశాలాక్షి, బడి వరండాలో కూర్చుని, దారం లాగి పట్టి ఆ గడులన్నీ గీసింది. అడ్డంగా ఏడో గీత కొంచెం వంకర. దారం రెండో కొస పట్టుకున్నది నేను.

ఆ బోర్డు మీద ఒక లెక్క సగంలో ఉంది. ఆగస్టు ఇరవై రెండున పదో తరగతికి చెబుతుండగా గంట కొట్టారు. మిగతాది రేపు చెబుతానని విశాలాక్షి సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. ఆ రేపటికి ఆమె లేదు. ఆమె నా భార్య. దీని గురించి ఇంతకన్నా రాయను. ఇది బోర్డు గురించిన కథ.

లెక్క మాత్రం చెప్పాలి. సంతకు వెళ్ళి x కిలోల ఉల్లిపాయలు, y కిలోల టమాటాలు కొనాలి. సంచి మోసేది తెలుగు మాస్టారు. ఆయన ఎనిమిది కిలోలకు మించి మోయలేరు. కనుక రెండూ కలిపి ఎనిమిది దాటకూడదు. పైగా ఆయనకు ఉల్లిపాయ గిట్టదు. కనుక టమాటాలు ఉల్లిపాయల కంటే ఎక్కువ ఉండాలి. సమానంగా ఉన్నా ఒప్పుకోరు.

తెలుగు మాస్టారిని నేనే. ఆరోజు పక్క గదిలో సంధులు చెబుతుంటే గోడ అవతల పిల్లలు విరగబడి నవ్వడం వినిపించింది. ఎందుకో సాయంత్రం అడుగుదామనుకున్నాను.

ఈ షరతులకు గ్రాఫు మీద రెండు గీతలు వస్తాయి. ఎనిమిది కిలోల వరకు పర్వాలేదు కాబట్టి మొదటిది నిండు గీత. గీత మీద ఉన్నా పర్వాలేదని అర్థం. సమానమైతే కుదరదు కాబట్టి రెండోది చుక్కల గీత. గీత మీద ఉండకూడదని అర్థం. ఇక గీతకు ఎటువైపు ఉన్నది మనకు కావలసిన జాగాయో తేల్చుకుని అటు షేడ్ చేయాలి. తేల్చుకోవడానికి ఒక బిందువు పెట్టి చూస్తారు. సులువని అందరూ సున్నా, సున్నా పెడతారు. షరతు నిజమైతే సున్నా ఉన్న వైపు, కాకపోతే దాని అవతలి వైపు.

మొదటి గీతకు పేచీ లేదు. రెండో గీత సరిగ్గా సున్నా, సున్నా మీదుగానే పోతుంది.

"గీత సున్నాలోంచే పోతే ఎటు షేడ్ సెయ్యాలి టీచర్?" అని హైమ అనే అమ్మాయి అడిగిందట. "మంచి ప్రశ్న, రేపు," అన్నదట విశాలాక్షి. అప్పుడే గంట కొట్టారు.

పదో తరగతి పిల్లలు ఆ లెక్కను ఎవరినీ తుడవనివ్వలేదు. బోర్డుకు అడ్డంగా పురికొస కట్టారు. నేనేమీ అనలేదు. మా హెడ్మాస్టరు సరోజినిగారు కూడా ఏమీ అనలేదు.

ఇలా ఉండగా, దసరా తరువాత మా ఉప విద్యాధికారి గురుమూర్తిగారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళారు. మొదటి రెండు రోజులూ భోజనాల తరువాత ఆయన నిద్రపోయారని, మూడో రోజు కాఫీ రెండుసార్లు ఇచ్చారని ఆయన డ్రైవరు చెప్పాడు. మూడో రోజు పాఠం గ్రాఫులతో నిర్ణయాలు తీసుకోవడం. గురుమూర్తిగారు ఆ పాఠం పూర్తిగా విన్నారు. మా డివిజనులోని నూట పన్నెండు బడుల అవస్థకూ ఆ కాఫీయే మూలమైంది.

సర్క్యులరు వచ్చింది. స్టాఫ్ రూములో సరోజినిగారు చదివారు.

"ఇందుమూలముగా సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయడమేమనగా, పాలనయందు అస్పష్టతను నిర్మూలించు సత్సంకల్పముతో, ఇకపై పాఠశాలలకు సంబంధించిన ప్రతి కోరికయు, ప్రతి నిర్ణయమును, గ్రాఫు కాగితముపై అసమీకరణముల రూపమున సమర్పింపవలెను. షేడ్ చేయబడిన ప్రాంతమున ఉన్న కోరికలు మాత్రమే పరిశీలింపబడును. ఎటువైపు షేడ్ చేయవలెనో నిర్ధారించుటకు సున్నా, సున్నా అను బిందువును మాత్రమే వాడవలెను. ఇతర బిందువులు వాడినచో శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

"సుద్దముక్కలు అయిపోయాయండి," అన్నారు డ్రిల్లు మాస్టారు దాలినాయుడు. "గ్రాఫు గియ్యాలేటి?"

గీశాం. సుద్దపెట్టెలు x, డస్టర్లు y. లెక్కల టీచరు లేదు కనుక, నలుగురికీ అర్థమయ్యేలా రాయగలిగేవాడినని ఆ పని నాకు అప్పగించారు. వారానికి దరఖాస్తు తిరిగి వచ్చింది. x, y సున్నా కంటే తక్కువ కావని మేము రాయలేదట. "మా పాఠశాల ఋణాత్మక సుద్దముక్కలను గానీ, ఋణాత్మక డస్టర్లను గానీ ఎన్నడూ కోరలేదనియు, ఇకముందు కోరబోదనియు ధ్రువీకరించుచున్నాము" అని రాసి, సీలు వేసి పంపాం. సుద్ద వచ్చింది. నేను రాసిన వాక్యాలలో ఒక వస్తువును నిజంగా తెప్పించిన మొదటి వాక్యం అదే.

సెలవులకు x మీద రోజులు, y మీద కారణం. కారణానికి ఒకటి నుంచి పది వరకు మార్కులు. దాలినాయుడిగారి అత్తగారి ఆపరేషనుకు నాలుగు వేశారు.

"నాలుగేంటండీ? కడుపు కోసినారు ఆవిడికి!" అని ఆయన సరోజినిగారితో వాదించారు.

"సొంత తల్లికి ఆరు, అత్తగారికి నాలుగు. పట్టిక అలాగే ఉంది, నేనేం చెయ్యను?"

"మరి మా ఆవిడ పెట్టుకుంటే?"

"ఆవిడకు ఆరు."

"ఆవిడ ఉద్యోగం సెయ్యదండి!"

"అయితే ఆవిడకు సెలవే అక్కర్లేదు కదా, నాయుడుగారూ."

ఆగస్టులో నాకు పదకొండు రోజులు సెలవు ఇచ్చినప్పుడు ఈ పట్టిక లేదు. ఆ విషయంలో నేను అదృష్టవంతుణ్ణి.

మధ్యాహ్న భోజనం దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది. బియ్యం x, పప్పు y. వంట చేసే ఎర్రమ్మ గ్రాఫు కాగితాన్ని పొయ్యి వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"మాస్టారూ, మరి ఉప్పేదీ?"

"గ్రాఫుకు రెండు అక్షాలే ఉంటాయమ్మా. ఉప్పుకు మూడోది కావాలి. రాశాం. అనుమతి రాలేదు."

"ఒచ్చీదాకా సప్పగా తినాలేటి పిల్లలు?"

"నియమం ప్రకారం అంతే."

ఎర్రమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "నియమం కాయితంలో ఏస్తాను, ఉప్పు పప్పులో ఏస్తాను," అంది. మా డివిజనులో ఆ నెల నేను విన్న స్పష్టమైన పాలనా నిర్ణయం అదొక్కటే.

నవంబరు వచ్చేసరికి గురుమూర్తిగారికి ఇంకో ఆలోచన వచ్చింది. బడులను కూడా గ్రాఫు మీద పెట్టి ఉత్తమ పాఠశాలను ఎంపిక చేయాలని. గైర్హాజరు ఇంతకు మించరాదు. ఫిర్యాదులు ఇంతకు మించరాదు. విరిగిన బెంచీలు, తప్పిన విద్యార్థులు, ఆలస్యంగా వచ్చిన టీచర్లు, వాడిన సుద్ద, ఏదీ ఇంతకు మించరాదు. మొత్తం పద్నాలుగు షరతులు. అన్నింటినీ ఒకేసారి నెగ్గించే బడి కావాలి.

సర్క్యులరు ప్రకారం సున్నా, సున్నా పెట్టి చూశారు. పద్నాలుగు షరతులూ నిజమయ్యాయి.

ఇక సున్నా, సున్నా దగ్గర ఉన్న బడి ఏదో వెతకడమే మిగిలింది. అదీ దొరికింది. గొర్లెమెట్ట ప్రాథమిక పాఠశాల. పిల్లలు చాలక మూడేళ్ళ క్రితం మూసేశారు. పిల్లలు సున్నా, ఉపాధ్యాయులు సున్నా. మూడేళ్ళలో అక్కడ ఎవరూ తప్పలేదు, ఎవరూ ఆలస్యంగా రాలేదు. వంటలో ఉప్పు గురించి అక్కడి నుంచి ఒక్క ఉత్తరం రాలేదు.

దాన్ని డివిజను ఆదర్శ పాఠశాలగా ప్రకటించారు. అక్కడే సభ. సభలో గురుమూర్తిగారు గ్రాఫు బోర్డు మీద రంగుసుద్దతో షేడ్ చేసి ప్రారంభోత్సవం చేస్తారు. డివిజనులో మిగతా బడుల గ్రాఫు బోర్డులు చుట్టచుట్టే గుడ్డవి. వాటిని చెదలు తినేశాయి. బాగున్నది మాదొక్కటే.

అందుకని నవంబరు పదమూడున వ్యాను వచ్చింది.

"దాని మీద పిల్లల లెక్క ఉందండి. అది తుడవకూడదు," అన్నారు సరోజినిగారు.

వచ్చినాయన కార్యాలయ సూపరింటెండెంటు కామేశంగారు. ఆయన బోర్డును ఎగాదిగా చూశారు. "తుడవడమెందుకమ్మా? రెండు గీతలు సిద్ధంగా ఉన్నాయి. షేడింగు ఒక్కటే బాకీ. అయ్యగారు వచ్చి పూర్తి చేస్తారు. మీ పాఠశాలకు ఇది గౌరవము."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన చేతిలో రంగుసుద్ద పెట్టె ఉంది. ఎర్రది, పసుపుది.

మా అటెండరు గవరయ్య నన్ను చూశాడు, బోర్డును చూశాడు. "బాబూ, నానూ ఎల్తాను వ్యానులో. గతుకుల రోడ్డు. ఎవుడి వీపో ఆనితే చెరిగిపోద్ది," అని ఎవరూ అడగకుండానే ఎక్కి కూర్చున్నాడు.

సభకు నన్ను వ్యాఖ్యాతగా పిలిచారు. గొర్లెమెట్ట బడి ఒక గది, ఒక వరండా. గదిలో మేకలు ఉండేవి. వాటిని ఆ పూటకు బయటికి తోలారు. అయినా ఒక మేక అతిథుల వరుసలో చివరి కుర్చీ పక్కన నిలబడింది. విద్యార్థుల సంఖ్య ఒకటి అవుతుందని కామేశంగారు దాన్ని తరమబోయారు.

గురుమూర్తిగారు మాట్లాడారు. "సోదరులారా, సున్నా అనగా శూన్యము కాదు. సున్నా అనగా లోపరాహిత్యము. ఈ పాఠశాల మనకు దిక్సూచి. ప్రతి పాఠశాలయు క్రమక్రమముగా ఈ స్థితిని చేరుకొనవలెనని నా ఆకాంక్ష."

అందరం చప్పట్లు కొట్టాం. తరువాత ఆయన పళ్ళెంలోంచి ఎర్రసుద్ద తీసుకుని బోర్డు దగ్గరికి నడిచారు. పురికొస అలాగే ఉంది. దాన్ని రిబ్బను అనుకుని కత్తెర అడిగారు. గవరయ్య ముందుకు వచ్చి ముడి విప్పి కొస జేబులో పెట్టుకున్నాడు.

"ముందుగా రెండు షరతులను పరీక్షించి, అటుపిమ్మట షేడ్ చేసెదను," అన్నారాయన. ఆ జాగ్రత్తకు ఆయనకు నేను ఎప్పటికీ ఋణపడి ఉంటాను. "మొదటి షరతు. సున్నా కలుపు సున్నా, సున్నా. ఎనిమిదికి మించలేదు. నిజము!"

చప్పట్లు.

"రెండవ షరతు. y అనునది x కంటే ఎక్కువ. సున్నా, సున్నా కంటే ఎక్కువ..." ఆయన ఆగారు. "ఎక్కువ కాదు. కనుక సున్నా ఉన్న వైపు కాదు, అవతలి వైపు. కామేశం, సున్నా ఎటువైపు ఉంది?"

కామేశంగారు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి చూశారు. "గీత మీద ఉంది సార్."

"గీత మీద ఉండుటకు ఎవరు అనుమతించారు?"

"చుక్కల గీత సార్. దాని మీద ఉండకూడదు."

"మరి ఉంది కదా!"

"ఉంది సార్. తప్పు సున్నాదే సార్."

ఎర్రసుద్ద గీతకు ఆ పక్కకు వెళ్ళింది, ఈ పక్కకు వచ్చింది. ఊరివాళ్ళు కొందరు నవ్వారు. అంతలో ముందు వరుసలో కూర్చున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు లేచి, అంత పెద్దగా అనవలసిన అవసరం లేని మాట పెద్దగా అన్నారు.

"అయ్యా, సున్నా, సున్నా అంటే ఈ బడే కదండీ. ఆ లెక్క ప్రకారం ఆదర్శ పాఠశాల తప్పింది."

గురుమూర్తిగారి చేతిలో సుద్ద రెండు ముక్కలైంది.

నేను మైకు దగ్గర ఉన్నాను. అప్పటికే విశాలాక్షి పాఠం నోట్సు ఒకసారి చూసి ఉన్నాను. పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఒక వాక్యం కింద ఆమె రెండుసార్లు గీత గీసి ఉంది. అందుకే అన్నాను: "అయ్యా, వేరే బిందువు ఏదైనా పెట్టి చూడవచ్చేమో."

"మాస్టారూ, మీ సబ్జెక్టు ఏమిటి?"

"తెలుగండి."

"అయితే తెలుగు చూసుకోండి. నాలుగవ పేరాలో సున్నా, సున్నా అని మాత్రమే ఉంది. ఆ పేరా నేను రాసినదే."

ఆ సాయంత్రమే ఒక ఉత్తర్వు టైపు చేశారు. ఈ విషయంపై నిపుణుల సంఘము ఏర్పాటు చేయడమైనది. సంఘము నివేదిక సమర్పించు పర్యంతము సదరు బోర్డును యథాతథముగా, ప్రస్తుతమున్న స్థలమునందే ఉంచవలెను. దానిపై గీయుట, చెరుపుట, తాకుట నిషేధము.

ఆ రాత్రి చాలాకాలం తరువాత నేను బాగా నిద్రపోయాను. ఆ లెక్కను ఎవరూ తుడవరు. అంత భద్రత దానికి నేను కల్పించలేను.

మర్నాటి నుంచి దాన్ని ఇంటికి, అంటే బడికి, తెప్పించే ప్రయత్నం మొదలుపెట్టాను. దరఖాస్తు గ్రాఫు మీద పంపాను. తిరిగి వచ్చింది. వస్తువు ఏ పాఠశాలలో ఉన్నదో ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుని సంతకంతో రావాలట. గొర్లెమెట్టకు ప్రధానోపాధ్యాయుడు లేరని రాశాను. "ఆ విషయము ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరింపవలెను" అని జవాబు వచ్చింది. పోనీ అక్కడికి ఒక హెడ్మాస్టరును వేయండి అని సరోజినిగారు రాశారు. ఉపాధ్యాయుల సంఖ్య ఒకటి అయితే పాఠశాల సున్నా, సున్నా నుంచి జరిగిపోతుందని, డివిజను ప్రతిష్ఠకు భంగమని జవాబు వచ్చింది.

ఆ ఉత్తరంతోపాటే ఇంకొకటి వచ్చింది. మాకు లెక్కల టీచరును ఇవ్వమని సెప్టెంబరు నుంచి అడుగుతున్నాం. లెక్కల టీచర్లు ఒకరికి మించరాదు అన్నది షరతు. "మీ పాఠశాలయందు ప్రస్తుతము లెక్కల టీచర్లు సున్నా. సున్నా ఒకటికి మించుట లేదు. షరతు నెరవేరినందున తదుపరి చర్య అవసరము లేదు."

సరోజినిగారు ఆ ఉత్తరం నాకు ఇచ్చి కిటికీలోంచి బయటికి చూశారు. "ఆవిడ జాగా ఖాళీగా ఉండటమే కరెక్టని రాశారండీ మాస్టారూ," అన్నారు. తరువాత, అలా అని ఉండకూడదని తోచి, టీ తెప్పించారు.

నిపుణుల సంఘంలో నన్నూ వేశారు, భాషా నిపుణుడిగా. మొదటి సమావేశం షేడింగును తెలుగులో ఏమనాలన్న దాని మీద జరిగింది. ఒకరు ఛాయాలేపనము అన్నారు. ఒకరు పూరణము అన్నారు. నేను, పిల్లలందరూ షేడింగు అనే అంటారని చెప్పాను. మూడు గంటల తరువాత షేడింగీకరణము అని తీర్మానించారు. రెండో సమావేశం కావలసిన వైపు షేడ్ చేయాలా, అక్కర్లేని వైపు చేయాలా అన్న దాని మీద. కార్యాలయంలో ఎ-సెక్షను వారు మంజూరైన వాటిని షేడ్ చేస్తున్నారని, బి-సెక్షను వారు తిరస్కరించిన వాటిని షేడ్ చేస్తున్నారని అప్పుడు బయటపడింది. మా సుద్ద తప్ప, ఎ-సెక్షను మంజూరు చేసినవన్నీ మూడు నెలలుగా బి-సెక్షను తిరస్కరిస్తూ వస్తోంది. దాలినాయుడిగారి అత్తగారు ఈలోగా కోలుకుని పొలానికి వెళుతున్నారు. మూడో సమావేశానికి భోజనం వచ్చింది, అధ్యక్షుడు రాలేదు.

నేను మాత్రం విశాలాక్షి నోట్సు రోజుకొక పేజీ చదువుతూ వచ్చాను. దరఖాస్తుల కోసం మొదలుపెట్టాను. ఆమె చేతిరాత లెక్కల్లో ఒకలా, పక్కన రాసుకున్న మాటల్లో ఇంకోలా ఉంటుంది. "ఇక్కడ పిల్లలు తప్పు చేస్తారు." "ఇక్కడ ఆగి అడగాలి." "హైమ అడుగుతుంది చూడు." ఆమె రెండుసార్లు గీత గీసిన వాక్యం ఇది: "అనుమానం వస్తే గీత మీద లేని బిందువు ఏదైనా పెట్టి చూడు." సంక్రాంతి సెలవులు అయ్యేసరికి నాకు ఆ అధ్యాయం వచ్చింది. రెండు గీతలూ కలిసేది నాలుగు, నాలుగు దగ్గర. అంటే నాలుగు కిలోల ఉల్లిపాయలు. నాకు అది కుదరదని ఆమెకు తెలుసు. అందుకే ఆ గీతకు చుక్కలు పెట్టింది.

ఫిబ్రవరి మొదటి వారంలో హైమ స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, బోర్డు ఎప్పుడొస్తాదండి?"

"రాశాం అమ్మా."

"పరీక్షల్లో ఆ లెక్క వొస్తాదంట. ఎటు షేడ్ సెయ్యాలో టీచర్ సెప్పలేదు కదండి. మీకు తెలుసేటి?"

నాకు తెలుసు. ఒక కాగితం మీద నిమిషంలో చెప్పవచ్చు. "బోర్డు రానీ," అన్నాను.

"నెల్లాళ్ళే ఉందండి," అని వెళ్ళిపోయింది.

గవరయ్య బల్లలు తుడుస్తూ ఇదంతా విన్నాడు. గుడ్డ బకెట్టులో పడేశాడు.

"బాబూ, ఒక మాట. గొర్లెమెట్టలో సంతకం పెట్టీవోడు ఎవుడూ నేడు, అంతే కదా?"

"అంతే."

"మరి వొద్దనీవోడు ఉన్నాడేటి?"

ఇరవై ఆరేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నాను. మూడు నెలల ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఆ వాక్యం నాకు తట్టలేదు.

"సున్నా మంది హెడ్మాస్టర్లు, సున్నా మంది వాచ్‌మెన్లు," అన్నాడు గవరయ్య వేళ్ళు మడుస్తూ. "తాళం కూడా ఎయ్యలేదు బాబూ. తాళం తీసుకున్నట్టు సంతకం పెట్టడానికి మనిసి నేడని ఎయ్యలేదు. తలుపుకి తీగ సుట్టినారు. ఆ తీగ సుట్టింది నానే."

సరోజినిగారిని అడిగాం. ఆవిడ మొదట ఏమీ వినలేదన్నారు. తరువాత, గురువారం మధ్యాహ్నం మా ఇద్దరికీ బయట పని ఉన్నట్టు రిజిస్టరులో రాశారు. ఎర్రమ్మ తమ్ముడి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాం.

ఆదర్శ పాఠశాల వరండాలో ప్రశంసాపత్రం ఫ్రేము వేలాడుతోంది. గవరయ్య తీగ విప్పాడు. లోపల మేకలు తిరిగి వచ్చి ఉన్నాయి. బోర్డు గోడకు ఎత్తుగా, వాటికి అందకుండా, రెండు మేకుల మీద ఉంది. దాని మీద ఒక పాత పంచె, గీతలకు ఆనకుండా, పైన కర్ర కట్టి దూరంగా వేలాడదీసి ఉంది.

"నాదే," అన్నాడు గవరయ్య. "దుమ్ము పడతాదని."

పంచె తీశాడు. నిండు గీత ఉంది. చుక్కల గీతలో రెండు చుక్కలు పలచబడ్డాయి. y అక్షం పక్కన ఆమె రాసిన "టమాటాలు" ఉంది. "ఉల్లిపాయలు"లో చివరి అక్షరం వ్యాను గతుకుల పనో, వాన పనో, సగం పోయింది. మూల, చిన్న అక్షరాలతో, "మాస్టారి సంచి ≤ 8" అని ఉంది. అది నేను ఇంతకుముందు చూడలేదు. నవంబరు దాకా రోజూ ఆ గది ముందు నుంచే నడిచినా, లోపలికి వెళ్ళి దగ్గరగా చూడలేదు.

"పట్టుకోండి బాబూ. అంచులు పట్టుకోండి, మధ్యన ముట్టకండి."

బోర్డు ఎనిమిది కిలోల కంటే ఎక్కువే ఉంటుంది. మోశాను.

దారిలో ట్రాలీలో నిలబెట్టి చెరోవైపు పట్టుకున్నాం. సంత దగ్గర ఆటో ఆగింది. టమాటాల గంప ముందు కూర్చున్న ఆవిడ బోర్డును చూసి, "ఏటి మాస్టారూ, ఈయేళ సంచీ నేదేటి?" అని అడిగింది. లేదని చెప్పాను.

కార్యాలయం రికార్డుల ప్రకారం బోర్డు ఇప్పటికీ గొర్లెమెట్టలో యథాతథంగా ఉంది. పోయిందని రాయడానికి అక్కడ ఎవరూ లేరు. పోలేదని రాయడానికీ లేరు. ఈ నెల తనిఖీలో ఆ పాఠశాలకు మళ్ళీ మొదటి స్థానం వచ్చింది. పోయిన వస్తువులు సున్నా.

మర్నాడు పదో తరగతి గదిలో బోర్డు దాని మేకులకే తగిలించాం. పిల్లలు అరవలేదు. ముందు బెంచీ వాళ్ళు లేచి, గీతలు రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని కూర్చున్నారు. నేను నోట్సు తెరిచి, గీత మీద లేని బిందువు ఏదైనా పెట్టి చూడవచ్చునని చదివి చెప్పాను.

"ఏదైనానా?" అంది హైమ.

"ఏదైనా."

"ఎక్కడైనా పెట్టొచ్చని ముందే తెలిస్తే ఇన్నాళ్ళూ..." అని ఆగిపోయింది. లేచి వచ్చి సుద్దముక్క తీసుకుంది. ఒక కిలో ఉల్లిపాయలు, మూడు కిలోల టమాటాలు అనుకుంది. ఒక గడి కుడికి, మూడు గడులు పైకి లెక్కపెట్టి చుక్క పెట్టింది. "కలిపితే నాలుగు. మాస్టారు మొయ్యగలరు." వెనక ఎవరో నవ్వారు. "మూడు, ఒకటి కంటే ఎక్కువ. మాస్టారు తింటారు." ఈసారి అందరూ నవ్వారు. ఆగస్టులో గోడ అవతల నుంచి నాకు వినిపించిన నవ్వు ఇలాంటిదే అయి ఉంటుంది.

"ఇటే టీచ... ఇటే మాస్టారూ. గీతకి ఈ పక్క. అక్షం దాకా. షేడ్ సేసీమంటారా, మీరు సేస్తారా?"

ఆమె సుద్దముక్క నా చేతికి ఇచ్చింది. నేను బోర్డు దగ్గరికి వెళ్ళాను. మూడు వైపులా గీతలతో ఆ జాగా చిన్నదే. పది, పన్నెండు అడ్డగీతలు గీస్తే నిండిపోతుంది.

"జవాబు మీ అందరికీ తెలిసింది కదా. పుస్తకాల్లో వేసుకోండి," అన్నాను. వేసుకున్నారు. నేను బల్లబల్లకూ తిరిగి చూశాను. ముప్పై నాలుగు మందీ సరిగ్గానే వేశారు.

పరీక్షలు మార్చి పదిహేడున మొదలవుతాయి. నిపుణుల సంఘం నివేదిక రాలేదు. లెక్కల టీచరు రాలేదు. బోర్డు మీద లెక్కకు రెండు గీతలు, ఒక బిందువు ఉన్నాయి. షేడింగు ఇంకా వేయలేదు.